చీకటి పేరు

దిగుడు 74వ ఏడు, 112వ రోజు. పంకా సరిగానే తిరుగుతోంది. బేరింగుకు నూనె పోశాను. గాలి బాగుంది.

ఈ పుస్తకం ముందు పేజీలు లోపలికి గాలి తోలే పంకావి, వెనక పేజీలు నావి. పంకా దగ్గర కూర్చునేవాళ్లు గాలి సంగతి తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టినవాడు ఈ రొదలో ఎనిమిది గంటలు ఒంటరిగా కూర్చుని ఉండడు.

ఈ పొద్దున దీపాల బందు. నెలకోసారి మూడో బాయిలో లైట్లన్నీ ఆర్పేసి, నిజంగా కరెంటు పోయిన రోజున ఎవరూ తప్పిపోకుండా అలవాటు చేస్తారు. పైన ఎండకు బతకలేక మా తాతలు ఈ బాయిలోకి, పాత బొగ్గు గనిలోకి, దిగిన కొత్తలో, చీకట్లో ఎవరి పిలుపు వెంటో వెళ్లి పిల్లలు గోతుల్లో పడేవాళ్లట. అప్పటినుంచి ప్రతి బిడ్డకూ ఒక చీకటి పేరు. లైట్లు ఆరాక ఇంటివాళ్లు ఆ పేరుతో పిలుస్తారు, పిలుపు వినబడిన దిక్కుకు నడవాలి. పక్కింటి పేర్లు చెవిన పడతాయి. పడినా, ఆ పేరుతో ఆ ఇంటివాళ్లు తప్ప ఇంకెవరూ పిలవరు. చీకట్లో విన్నది వెలుతురులో మాట్లాడరు.

నన్ను పిలవాల్సింది మా అన్న ఓదెలు. ఇరవై అయిదు రోజులుగా కాపలా గదిలో ఉన్నాడు.

లైట్లు ఆరాయి. అందరి ఇళ్ల పిలుపులూ అటూ ఇటూ పోయాయి. నేను గోడ పట్టుకొని నిలబడ్డాను. నా ఎడమ పక్క మా పక్కింటి రాజవ్వ తన కొడుకును పిలిచింది. ఆ కొడుకు కనకయ్య చనిపోయి ఇరవై అయిదు రోజులు. మూడుసార్లు పిలిచి ఊరుకుంది. ఆ చావుకు మా అన్నే కారణమంటున్నారు కనుక, నన్ను ఎత్తిపొడవడానికే పిలుస్తోందని నాకు ఒళ్లు మండింది.

లైట్లు వచ్చాక హాజరు రాసే సాంబయ్య, నా పేరు పక్కన 'పిలిచినవారు' అన్న గడిలో అడ్డగీత కొట్టాడు.

"గీత ఎందుకు గొట్టినవ్? మా అన్న సచ్చిండా?" అన్నాను.

"సావలేదు గని పిలువలేదు గదనే. నేనేం రాయాలె?"

"లోపలేసిన్రు గనుక పిలువలేదని రాయి."

"గంత పెద్ద గడి కాదు బిడ్డా ఇది."

115వ రోజు. పంకా ఒకసారి ఆగి మళ్లీ తిరిగింది. బెల్టు జారుతోంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆరో గల్లీలో నిప్పంటుకుంది. ఆ గల్లీకి తూర్పున ఒక తలుపు, పడమట ఒక తలుపు. పడమటి తలుపు దగ్గర డ్యూటీ మా అన్నది. పొగలో చిక్కిన కనకయ్య, ఇంకో ఇద్దరు పడమటి తలుపు దాకా వచ్చి, అది మూసి ఉండటంతో అక్కడే పడిపోయారు. పొగ చూసి భయంతో మూశానని అన్న చెప్పాడు. అంతకు వారం ముందే ఆ ముగ్గురూ అన్న మీద ఫిర్యాదు రాశారు, డ్యూటీలో గల్లీ పంకా ఆపేసి పడుకున్నాడని. దాంతో బాయి పెద్దల సభ అన్న మాట నమ్మలేదు.

మనుషుల్ని చంపినవాడికి మాటల పరీక్ష పెడతారు. తెర మీద మాటలు వస్తాయి. కొన్ని నిజం మాటలు, కొన్ని ఉత్త అక్షరాల కూర్పులు. నిజం మాటైతే మీట నొక్కాలి. ఏడుపు, చావు, అమ్మ లాంటి మాటలకు మెదడు ఎలా ఉలిక్కిపడుతుందో యంత్రం గీత గీస్తుంది. గీత లేస్తే ఏడేళ్లు కూలి చేసి ఇంటికి రావచ్చు. లేవకపోతే పైకి పంపుతారు. పైన కరెంటు తీసే ఎండ పలకల దగ్గర, ఒక్కో మనిషికి ఒక్కో గది, బతికినన్నాళ్లూ.

అన్న గీత లేవలేదు.

మా సంఘం పెద్ద రాయమల్లన్న కరపత్రాలు నేను ఒకటో నంబరు నుంచి పంతొమ్మిదో నంబరు దాకా ఈ పంకా పక్కనే చదివాను. పన్నెండోది కంఠతా వచ్చు: మనిషిని కొలిచే యంత్రాన్ని ముందు మనుషులు కొలవాలి. మాట హక్కుల సంఘంలో నేనే అందరికంటే చిన్నదాన్ని, నా గొంతే అందరికంటే పెద్దది. నిన్న సభలో బెంచీ ఎక్కి ఆ పరీక్ష మాటల జాబితా చదివాను. దుఃఖము. వాత్సల్యము. విషాదము.

"మా ఇండ్లల్ల ఎవలన్న వాత్సల్యం అంటరా? మా అవ్వ నన్ను వాత్సల్యంగ ఎత్తుకున్నదా, సంకల ఎత్తుకున్నదా? పుస్తకం మాటలు వెట్టి, ఉలిక్కిపడలేదని మనిషిని ఎండకు తోలుతరా?"

నవ్వారు. నవ్వాక ఒప్పుకున్నారు. ఇంటి మాటలతో రెండో పరీక్ష పెడతారు. దాని గీత కాగితం ఇంటివాళ్ల చేతికే ఇస్తారు. పరీక్ష జరిగిన అయిదు రోజుల్లో మేం సభకు ఇస్తే అదే తీర్పు. ఇవ్వకపోతే రెండు పరీక్షలూ కొట్టివేసి ఏడేళ్ల కూలితో వదిలేస్తారు. ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు.

121వ రోజు. గాలి బాగుంది. బెల్టు మార్చమని మూడోసారి రాస్తున్నాను.

ఇంటి మాటలు రాసి ఇవ్వాలి. అవ్వ. సద్ది. జొరం. జోల. కమురు వాసన. పక్కన బకెట్టు, మేకు, తాడు లాంటివి కలుపుతారట, తేడా తెలియడానికి.

రాస్తుంటే అన్న ఎదుట కూర్చున్నట్టే ఉంది. అవ్వ పోయినప్పుడు నాకు మూడేళ్లు, అన్నకు పద్నాలుగు. నాయిన ముందే లేడు. జొన్న గటుక కాచింది, జడ వేసింది, జొరం వస్తే తడిగుడ్డ వేసింది అన్నే. నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. నేను మొండికేస్తే ఈ బాయిలో ఉన్నవాళ్ల గొంతులన్నీ తీసేవాడు. సాంబయ్య దగ్గు, రాజవ్వ సాగదీత, రాయమల్లన్న ఉపన్యాసం. కళ్లు మూసుకుంటే వాళ్లే వచ్చి కూర్చున్నట్టుండేది. గటుక ముక్కులోంచి వచ్చేదాకా నవ్వేదాన్ని. ఈ మనిషికి మాట తగలదంటారా?

తొంభై తొమ్మిది రాశాను. నూరోదిగా నా చీకటి పేరు రాశాను.

తప్పే. వెలుతురులో, కాగితం మీద, పరీక్ష పెట్టడానికి వేరే బాయినుంచి వచ్చిన డాక్టరు చేతికి. కానీ నా ఎరుకలో తన ఇంటి చీకటి పేరు విని ఒళ్లు కదలని మనిషి లేడు. నిద్రలో విన్నా లేచి కూర్చుంటారు. ఆ పేరు పద్దెనిమిదేళ్లు అన్న నోటినుంచే విన్నాను. ఆ ఒక్క మాటకు గీత లేస్తే చాలు.

126వ రోజు. పంకా ఎంత తిరిగిందో చూడలేదు.

ముందు నాకే పెట్టమన్నాను. యంత్రం మోసం చేస్తుందేమో చూడాలి కదా. డాక్టర్ వసుంధర తీగల టోపీ నా తలకు తొడిగి, జిగురు చల్లగా ఉంటుందని మాత్రం చెప్పింది. బకెట్టుకు గీత చిన్నగా కదిలింది. జొరానికి లేచింది. చివరి మాట తెర మీద కనబడగానే నా వేలు నాకు తెలియకుండానే మీట నొక్కేసింది. గీత కాగితం అంచు దాకా పోయింది.

తర్వాత అన్న వచ్చాడు. నన్ను చూసి కన్ను గీటాడు. నూరు మాటలకూ సరిగ్గా నొక్కాడు, ఒక్కటీ తప్పలేదు. గీత బకెట్టుకు ఎలా ఉందో అవ్వకు అలాగే ఉంది. తాడుకు ఎలా ఉందో నా పేరుకు అలాగే ఉంది.

"యంత్రం పాడైంది," అన్నాను.

"నీకు పని చేసింది కదమ్మా."

"మా అన్నకు అర్థం తెల్వదంటరా మరి?"

"అర్థం బాగా తెలుసు. నీకంటే, నాకంటే బాగా చెప్తారు." ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "మనకి జోల అనే మాట వినగానే ఒంట్లో ఏదో అవుతుంది, అర్థం ఆ తర్వాత. ఆయనకి అర్థమే మొదటా చివరా. ఇదిగో, ఆ మాట దగ్గర మెదడులో లెక్కలు కట్టే భాగం ఎక్కువ పని చేసింది. మనకి ఊరికే వచ్చేది ఆయన కష్టపడి కట్టుకుంటున్నారు. చిన్నప్పటినుంచీ అంతే అయ్యుంటుంది."

"అయితే హంతకుడేనా?"

"ఆ మాట నేనన్లేదు. ఇలాంటి గీత ఉండి జీవితంలో చీమకి కూడా అపకారం చేయనివాళ్లని చూశాను. గీత చెప్పేది గీత వరకే. దాన్నిబట్టి పైకి పంపడం మీ సభ పెట్టుకున్న నియమం, నాది కాదు."

ఆమెను తిట్టడానికి ఏడు కరపత్రాల మాటలు నోటిదాకా వచ్చాయి. ఆమె నా తలకంటిన జిగురు తడిగుడ్డతో తుడుస్తోంది. తిట్టలేకపోయాను.

127వ రోజు. గాలి బాగుంది.

రాయమల్లన్న పంకా దగ్గరికే వచ్చాడు. కాగితం చూసి మడిచి నా చేతిలో పెట్టాడు.

"చింపెయ్," అన్నాడు.

"అది నిజమన్నా."

"నిజమో అబద్ధమో మనకెందుకు పోశక్కా? గీతను జూసి మనిషికి శిక్ష ఎయ్యద్దనేగదా మన కొట్లాట. గీత లేసినోనికొక న్యాయం, లెవ్వనోనికొక న్యాయమా? చింపితే రెండు పరీక్షలు వోతయి. రేపు ఇంకొకనికి గూడ అక్కరకస్తది."

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఇప్పటికీ లేదనే అనుకుంటున్నాను. అన్న ఇంటికి వస్తాడు. ఏడేళ్లే. చింపుతానని మాటిచ్చాను.

ఇచ్చాను కానీ, ముందు ఒకసారి అన్నను అడగాలి.

129వ రోజు. పంకా దగ్గర నా బదులు ఇంకొకరు.

కాపలా గది జాలీకి అటు అన్న, ఇటు నేను.

"ఏందే పోశీ, మొఖం గట్ల వెట్టినవ్? గటుక మాడిందా? చెయ్యి జూపు. బెల్టు గీరుకున్నది గదా. మార్చుమని రాయలేదా?"

మణికట్టు మీద గీత గోరంత ఉంది. నేను కూడా గమనించలేదు.

కాగితం సంగతి చెప్పాను. నూరో మాట సంగతి కూడా చెప్పాను. తల ఊపాడు.

"నేనంటే నీకు ఏమనిపిస్తదన్నా?"

"ఏం జెప్తే కాయితం చింపుతవ్?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అది చూసి తనూ నవ్వు ఆపేశాడు, లైటు ఆర్పినట్టు.

"అబద్ధం జెప్పకు. నేను చింపుతనని మాటిచ్చిన. గిప్పుడు నిజం జెప్పు."

"సరే." చెప్పడం మొదలుపెట్టాడు, పని నేర్పేవాడిలా. "నీకు ఏడుపచ్చేముందల కింది పెదవి ఎడమదిక్కు వంగుతది. గప్పుడు నెత్తిమీద చెయ్యి వెట్టాలె. అవ్వ గట్లనే వెట్టేది. అవ్వ పోయినంక నువ్వు ఒకటే ఏడుస్తుంటివి. అవ్వ ఎట్ల పిలిచేదో మతికి జేసుకొని గట్లనే పిలిచిన. అచ్చం అవ్వ గొంతే, ఒక్క పొల్లు తప్పలే. ఊకున్నవ్. గంతే."

"నీకేం గాలేదా?"

"నువ్వు ఊకున్నవ్ గదా, ఇంకేం గావాలె?"

నిజంగానే అడుగుతున్నాడు. ఇంకేం కావాలో ఆయనకు తెలియదు. పద్దెనిమిదేళ్లు నా తల మీద చెయ్యి పెట్టిన మనిషి ఏ రోజూ ఏమీ పొందకుండానే పెట్టాడు. అది ప్రేమ కాదంటే నాకు కోపం వస్తోంది, ప్రేమ అందామంటే నోరు రావడం లేదు.

నా కింది పెదవి వంగినట్టుంది. జాలీ సందులోంచి రెండు వేళ్లు చాచి నా నెత్తిమీద పెట్టాడు.

130వ రోజు. పంకా తిరుగుతోంది.

నీళ్ల నల్లా దగ్గర రాజవ్వ నా బిందె పక్కన తన బిందె పెట్టింది. నలభై రోజులకు పైగా మా ఇద్దరి మధ్య ఒక బిందె ఎడం ఉండేది.

"నీ చీకటి పేరు ఎలుతురుల జెప్పినవట," అంది.

"చెప్పిన అత్తా. తిడితే తిట్టు."

"తిట్ట. నువ్వు ముందుగాల తప్పినవు గనుక నేను గూడ తప్పుత. నా పానం ఆగుతలేదు." నల్లా కట్టేసింది. "నిప్పువడ్డనాడు నేను తూర్పు తలుపుకాడ ఉన్న. తలుపు తెరిచి పట్టుకొని పిలుస్తున్న. నా కొడుకు అస్తుండు, దగ్గు ఇనవడుతుంది, ఇగ పది అడుగులు. మిగిలిన ఇద్దరు ఆని ఎనుకనే. పొగ మింగి నా గొంతు వట్టింది. నేను నోరు మూసుకున్న. నా పిలుపు మాత్రం ఆగలే."

నాకు అర్థం కాలేదు.

"పడమర నుంచి వస్తుంది బిడ్డా. నా గొంతే. కనకయ్య చీకటి పేరే. నేను ఎట్ల సాగదీస్తనో గట్లనే. నా కొడుకు ఆగిండు. ఎనుకకు మల్లిండు. నేను అరుద్దామంటే గొంతు లేస్తలేదు. ముగ్గురు గటే వోయిన్రు. గంటసేపటికి నాకు గొంతొచ్చింది. ఏం జేసుకోను?"

"సభల ఎందుకు జెప్పలేదత్తా?"

"చీకట్ల ఇన్నది ఎట్ల జెప్తం? మా అవ్వ నాకు నేర్పలే, నీకు ఎవలు నేర్పలే. చెప్తే మాత్రం, నీ గొంతు నీకే ఇనవడ్డదా అని నవ్వకపోదురా?"

బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఈ బాయిలో రాజవ్వ గొంతు తీయగలవాడు ఒక్కడే. ఆ గొంతుకు చిన్నప్పుడు నేను గటుక ముక్కులోంచి వచ్చేదాకా నవ్వాను. ఇంకోసారి తియ్యన్నా అని అడిగి మరీ తీయించుకున్నాను. ఇంకోసారి, ఇంకోసారి అని.

నన్ను ఊరుకోబెట్టిన పిలుపూ, కనకయ్యను పొగలోకి తిప్పిన పిలుపూ ఒకే నోట్లోవి. రెండింటికీ ఆయన పడిన కష్టం ఒకటే.

131వ రోజు. గాలి బాగుంది.

కాగితం సభకు ఇచ్చాను. రాజవ్వ చెప్పింది చెప్పలేదు, అది చెప్పడం ఆమె ఇష్టం.

రాయమల్లన్న బయట ఆపాడు. "మాట తప్పినవ్. యంత్రానికి గులామువైనవ్ నువ్వు గూడ."

"గీత జూసి ఇయ్యలేదన్నా."

"మరి ఏం జూసి ఇచ్చినవ్?"

చెప్పలేదు. ఇరవయ్యో నంబరు కరపత్రంలో నా పేరు వేస్తానన్నాడు. వేసుకోమన్నాను. గీత చూసి మనిషికి శిక్ష వేయడం అన్యాయమని అందులో రాస్తాడు, అది నేను కూడా ఒప్పుకుంటాను. ఆ అన్యాయాన్నే వాడుకున్నాను. వేరే దారి ఉందేమో, రెండు రోజులు ఆగి ఆలోచిస్తే దొరికేదేమో. ఆగడం నాకు ఎవరూ నేర్పలేదు. అన్న ఎన్నో నేర్పాడు కానీ.

138వ రోజు. బెల్టు మార్చారు.

ఈ రోజు పది గంటలకు అన్నను పైకి పంపారు. లిఫ్టు దగ్గర మనిషికొక నీళ్ల డబ్బా, ఒక తెల్లగుడ్డ ఇస్తారు. అన్న గుడ్డను తలకు చక్కగా చుట్టుకున్నాడు. నా వైపు చూశాడు. కోపం లేదు. ఉన్నట్టు మొహం పెట్టుకోలేదు కూడా. ఇక ఆ అవసరం లేదు కదా.

"బెల్టు మార్చిన్రా?" అన్నాడు.

"మార్చిన్రు."

"మంచిది. రెండు నెలలకోసారి బిగించుమను."

లిఫ్టు పంజరం తలుపు పడింది. తాళ్లు కదిలాయి. ఆయన కాళ్లు నా తల ఎత్తుకు వెళ్లాక, పై నుంచి నా చీకటి పేరు వినిపించింది. నిండు వెలుతురులో, అందరి ముందూ. అవ్వ గొంతు. అవ్వ మొహం నాకు గుర్తు లేదు. ఆ గొంతు ఒక్కటే తెలుసు, అదీ అన్న నోట్లోంచే.

ఎందుకు పిలిచాడు? నన్ను ఏడిపించడానికా, ఊరుకోబెట్టడానికా, పిలిస్తే ఏమవుతుందో చూడడానికా? ఆయన్ని అడిగితే నిజమే చెప్పేవాడు. అడిగే వీలు లేదు.

కదలకూడదనుకున్నాను. పళ్లు బిగబట్టాను. నా కాళ్లు పంజరం వైపు రెండు అడుగులు వేశాయి. నా నోరు "ఓ" అని పలికింది.

పైన లిఫ్టు ఆగిన చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు.

142వ రోజు. పంకా బాగుంది.

ఈ పొద్దున దీపాల బందు. లైట్లు ఆరాయి. పిలుపులు అటూ ఇటూ పోయి, అడుగుల చప్పుళ్లు సర్దుకున్నాయి. నా ఎడమ పక్క రాజవ్వ కనకయ్యను పిలిచింది. మూడుసార్లు. ఈసారి నాకు కోపం రాలేదు. మూడో పిలుపుకు సాగదీత మధ్యలోనే తెగిపోయింది.

గోడ పట్టుకొని నిలబడ్డాను. ఆమె మెల్లగా అంది:

"పోశీ."

"ఆ అత్తా."

"నీ పేరు నాకు ఎరికే. ఇన్నేండ్లు ఇన్న. మీ అవ్వ పిలుస్తుంటె ఇన్న, మీ అన్న పిలుస్తుంటె ఇన్న." ఊపిరి తీసుకుంది. "గని నేను పిలువద్దు గదా బిడ్డా."

"పిలువద్దత్తా."

"అవు. పిలువద్దు."

లైట్లు వచ్చాయి. సాంబయ్య పుస్తకం పట్టుకొని వచ్చాడు. రాజవ్వ గడిలో ఒక గీత, నా గడిలో ఒక గీత. నేను పంకా దగ్గరికి నడిచాను.